టెంపరేచర్ సెన్సర్ చచ్చిపోతే భయం లేదు, అబద్ధం చెబితేనే! హైడ్రోజన్ బండ్లలో సర్క్యూట్ ఫాల్ట్ పట్టుకునేదెలా?

ఎండాకాలంలో ఫోన్‌ని ఛార్జింగ్‌లో పెట్టి కిటికీ పక్కన వదిలేశారనుకోండి. కాసేపటికి టెంపరేచర్ ఎక్కువైంది, ఛార్జింగ్ ఆపేశాం అని స్క్రీన్ మీద మెసేజ్ కనిపిస్తుంది. ఫోన్‌కి ఆ సంగతి ఎలా తెలిసింది? బ్యాటరీని ఆనుకుని మిరియం గింజ కంటే చిన్న భాగం ఒకటి ఉంటుంది. దాని పేరు థర్మిస్టర్. బ్యాటరీకి ప్లస్, మైనస్ కాకుండా ఇంకో పిన్ను ఎందుకుందా అని మీకెప్పుడైనా డౌట్ వచ్చుంటే, చాలా ఫోన్లలో అది దీనికోసమే. లిథియం బ్యాటరీని మామూలుగా 0 నుంచి 45 డిగ్రీల మధ్యే ఛార్జ్ చేయాలి. ఆ గీత దాటిందో లేదో చెప్పేది ఈ గింజే.

సరిగ్గా ఇలాంటి గింజే, దాదాపు ఇదే సర్క్యూట్‌తో, హైడ్రోజన్ కారు ట్యాంకులోనూ ఉంటుంది. ఫ్యూయల్ సెల్ స్టాక్‌కి కూలెంట్ వచ్చే పైపులో, పోయే పైపులో, గాలి లోపలికి వెళ్లే దారిలో, మోటార్‌లో, ఇన్వర్టర్‌లో కూడా ఉంటాయి. ఫోన్‌లో ఇది తప్పు చెబితే బ్యాటరీ ఉబ్బుతుంది. 700 బార్ల ప్రెషర్‌లో గ్యాస్ నింపుకునే బండిలో తప్పు చెబితే ఏమవుతుంది, ఆ తప్పును ఎలా పట్టుకోవాలి అన్నదే ఈ ఆర్టికల్.

ఇదంతా జపాన్, కొరియా గోల, మనకెందుకు అంటారా? 2025 మార్చిలో కేంద్ర నూతన, పునరుత్పాదక ఇంధన శాఖ హైడ్రోజన్ బస్సులు, లారీల పైలట్ ప్రాజెక్టులు ప్రకటించింది. మొత్తం 37 బండ్లు, 9 ఫిల్లింగ్ స్టేషన్లు, 10 రూట్లు. వాటిలో 15 ఫ్యూయల్ సెల్‌తో నడిచేవి, 22 హైడ్రోజన్‌ను నేరుగా ఇంజిన్‌లో మండించేవి. ఆ 10 రూట్లలో ఒకటి మన రాష్ట్రంలోనే ఉంది: 16వ నంబర్ జాతీయ రహదారి మీద విశాఖపట్నం నుంచి అనకాపల్లి అవతల బయ్యవరం వరకు. అదే జిల్లా పూడిమడకలో ఎన్‌టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు ప్రధాని 2025 జనవరి 8న శంకుస్థాపన చేశారు. మా ముండ్లమూరు నుంచి అద్దంకి మీదుగా మేదరమెట్ల చేరితే తగిలేది కూడా అదే 16వ నంబర్ హైవే. ఇవాళ కాకపోయినా, ఏదో ఒక రోజు చీమకుర్తి గ్రానైట్ మోసే లారీ ఒకటి హైడ్రోజన్ మీద నడిచి, దారిలో వార్నింగ్ లైట్ వెలిగి ఆగిపోతుంది. దానికి స్కానర్ తగిలించేది ఇప్పుడు మీ వయసులో ఉన్నవాళ్లే.

5 వోల్ట్‌ల పంపకం

బండ్లలో ఎక్కువగా వాడేది ఎన్‌టీసీ రకం థర్మిస్టర్. వేడి పెరిగేకొద్దీ దాని రెసిస్టెన్స్ పడిపోతుంది. బయట షాపుల్లో, ఆన్‌లైన్‌లో ఇరవై ముప్పై రూపాయలకి దొరికే 10 కిలో ఓమ్స్ రకం, బీటా విలువ 3950 ఉన్నది, ఉదాహరణగా తీసుకుందాం. 25 డిగ్రీల దగ్గర దాని రెసిస్టెన్స్ 10,000 ఓమ్స్. 0 డిగ్రీల దగ్గర సుమారు 33,600. 60 దగ్గర 2,500. 85 డిగ్రీలకి వచ్చేసరికి 1,090 మాత్రమే. ఈ చివరి నంబర్ గుర్తుపెట్టుకోండి, మొత్తం కథ దాని చుట్టూనే తిరుగుతుంది.

కంట్రోల్ యూనిట్, అదే ఈసీయూ, రెసిస్టెన్స్‌ని నేరుగా చదవలేదు. దానికి తెలిసింది వోల్టేజ్ ఒక్కటే. అందుకని లోపల ఒక ఫిక్స్‌డ్ రెసిస్టర్ పెట్టుకుని, దాని ద్వారా 5 వోల్ట్‌లు సెన్సర్‌కి పంపిస్తుంది. ఫిక్స్‌డ్ రెసిస్టర్, సెన్సర్ కలిసి ఆ 5 వోల్ట్‌లను పంచుకుంటాయి. ఎవరి రెసిస్టెన్స్ ఎక్కువైతే వాళ్లకి వాటా ఎక్కువ. లోపలిది కూడా 10 కిలో ఓమ్స్ అనుకుంటే, 25 డిగ్రీల దగ్గర చెరి సగం, అంటే 2.5 వోల్ట్‌లు. 0 డిగ్రీల దగ్గర సెన్సర్ వాటా 3.85 వోల్ట్‌లు. 60 దగ్గర 1 వోల్ట్. 85 దగ్గర అర వోల్ట్. ఈసీయూ ఆ వోల్టేజ్ చూసి తన దగ్గరున్న టేబుల్‌లో వెతికి, దానికి ఎదురుగా ఉన్న టెంపరేచర్ నంబర్ తీసుకుంటుంది. ఇంతే సర్క్యూట్. రెండు తీగలు, రెండు కప్లర్లు, ఒక గింజ.

అంటే స్కానర్‌లో కనిపించే డిగ్రీలు సెన్సర్ చెప్పిన మాట కాదు. సెన్సర్, తీగ, కప్లర్, ఎర్త్, ఈసీయూ లోపలి రెసిస్టర్ అన్నీ కలిసి చెప్పిన మాట. డయాగ్నసిస్ అంతా ఈ ఒక్క పాయింట్ మీదే నిలబడి ఉంటుంది. సెన్సర్ కోడ్ వచ్చింది కదా అని సెన్సర్ మార్చేసేవాళ్లు సగం కేసుల్లో డబ్బులు పారేసుకునేది ఇక్కడే.

చచ్చిపోయిన సెన్సర్ మంచిది

తీగ తెగిందనుకోండి. సెన్సర్ వైపు కరెంట్ పోదు కాబట్టి ఈసీయూ దగ్గర మొత్తం 5 వోల్ట్‌లూ అలాగే కనిపిస్తాయి. టేబుల్‌లో ఆ చివరన ఉండేది చాలా బండ్లలో మైనస్ 40. ఒంగోలులో మే నెల మధ్యాహ్నం స్కానర్ మైనస్ 40 చూపిస్తోందంటే మంచు కురిసినట్టు కాదు, ఎక్కడో సర్క్యూట్ ఓపెన్ అయింది. అదే సిగ్నల్ తీగ ఒరుసుకుపోయి ఛాసిస్‌కి తగిలితే వోల్టేజ్ సున్నా అవుతుంది, టేబుల్ ఇంకో చివరి నుంచి భయంకరమైన వేడి కనిపిస్తుంది.

ఇక్కడ కొత్తవాళ్లు బోల్తా పడే చోటు ఒకటుంది. ఇంజిన్ కూలెంట్ సెన్సర్‌కి ప్రపంచమంతా వాడే కోడ్‌లలో పీ0118 అంటే సర్క్యూట్ హై, పీ0117 అంటే సర్క్యూట్ లో. హై అని ఉంది కాబట్టి వేడెక్కిపోయిందేమో అనుకుంటారు. అది వోల్టేజ్ హై. అంటే బండి చలి అంటోందన్నమాట. లో అని వస్తే వేడి అంటోంది. పెద్ద బండ్లలో వాడే జే1939 భాషలో కూలెంట్ టెంపరేచర్ నంబర్ 110. దాని వెనక 3 ఉంటే వోల్టేజ్ ఎక్కువ, 4 ఉంటే తక్కువ. హైడ్రోజన్‌ను మండించే ఇంజిన్‌కి ఈ పాత కోడ్‌లు చాలావరకు పనికొస్తాయి. ఫ్యూయల్ సెల్ స్టాక్‌కి, ట్యాంకుకి మాత్రం కంపెనీలు సొంత కోడ్‌లు పెట్టుకుంటాయి కాబట్టి ఆ మోడల్ మాన్యువల్ లేకుండా ఊహించొద్దు.

ఇలా పూర్తిగా చచ్చిన సెన్సర్ వల్ల పెద్ద ప్రమాదం లేదు. నంబర్ అసంభవంగా ఉంది కాబట్టి ఈసీయూకి వెంటనే తెలిసిపోతుంది. లైట్ వెలిగిస్తుంది, ఫ్యాన్ ఫుల్ స్పీడ్‌లో పెట్టేస్తుంది, పవర్ తగ్గించి బండిని మెల్లగా ఇంటికి పొమ్మంటుంది. డ్రైవర్‌కి చిరాకు, అంతే.

500 ఓమ్స్ చేసే మోసం

అసలు సమస్య నమ్మేలా అబద్ధం చెప్పే సర్క్యూట్‌తో. కప్లర్ లోపలికి తేమ పోయి పిన్నుకి చిలుము పట్టిందనుకోండి. తీగ తెగలేదు. సర్క్యూట్ నడుస్తోంది. కాకపోతే దారిలో 500 ఓమ్స్ అదనంగా చేరాయి. ఇప్పుడు ఈసీయూకి ఏం కనిపిస్తుంది?

25 డిగ్రీల దగ్గర సెన్సర్ 10,000, దానికి 500 కలిపితే 10,500. ఈసీయూ లెక్కలో అది 24 డిగ్రీలు. ఒక్క డిగ్రీ తేడా. ఎవరికీ పట్టదు. 60 డిగ్రీల దగ్గర 2,500కి 500 కలిస్తే ఈసీయూ 55 అనుకుంటుంది. 85 దగ్గర? 1,090కి 500 అంటే దాదాపు సగం కలిసినట్టు. ఈసీయూ చదివేది 73. పన్నెండు డిగ్రీల అబద్ధం!

అదే కప్లర్, అదే చిలుము. చల్లగా ఉన్నప్పుడు నిజం చెబుతుంది, వేడెక్కేకొద్దీ అబద్ధం పెరుగుతుంది. నిజం అవసరమైన సమయంలోనే మోసం చేస్తుంది. పొద్దున్నే వర్క్‌షాప్‌లో చూస్తే అంతా ఓకే. మధ్యాహ్నం ఘాట్ ఎక్కేటప్పుడు తప్పు. అప్పుడు కూడా కోడ్ రాదు, ఎందుకంటే 73 అనేది అసంభవమైన నంబర్ కాదు.

దీనికి అద్దంలో బొమ్మలా ఇంకో ఫాల్ట్ ఉంది. తీగల మధ్య తేమ చేరి కరెంట్ పక్కదారి పడితే, అంటే సెన్సర్‌కి సమాంతరంగా ఒక 100 కిలో ఓమ్స్ దారి ఏర్పడితే, వేడిగా ఉన్నప్పుడు తేడా తెలియనే తెలియదు. కానీ 0 డిగ్రీల దగ్గర 33,600 కాస్తా 25,000 అవుతుంది, ఈసీయూ 5 లేదా 6 డిగ్రీలు అనుకుంటుంది. ఈ లెక్కన లద్దాఖ్‌లోని లేహ్‌లో ఎన్‌టీపీసీ పెట్టిన హైడ్రోజన్ బస్సుల్ని ఏడిపించేది లీకేజ్ ఫాల్ట్, మన వైపు ఏడిపించబోయేది కాంటాక్ట్ ఫాల్ట్. మే నెలలో నీడలోనే 44, 45 డిగ్రీలు చూసే ప్రకాశం జిల్లాలో బండి ఎప్పుడూ టేబుల్‌కి వేడి కొసనే తిరుగుతుంటుంది కదా.

ట్యాంకులో ఆ 12 డిగ్రీల విలువ

గ్యాస్ బండ అంటే వాడేకొద్దీ చల్లబడేది అని మనకి అలవాటు. హైడ్రోజన్ నింపేటప్పుడు కథ తిరగబడుతుంది. ఖాళీ ట్యాంకులోకి మూడు నుంచి ఐదు నిమిషాల్లో వందల బార్ల ప్రెషర్‌తో గ్యాస్‌ని కుక్కుతారు కాబట్టి, సైకిల్ పంపు కొడుతుంటే దాని గొట్టం కాలినట్టు, లోపల గ్యాస్ వేడెక్కుతుంది. పైగా మామూలు టెంపరేచర్ దగ్గర హైడ్రోజన్ వాల్వ్ గుండా వ్యాకోచించినా చల్లబడదు, కొంచెం వేడెక్కుతుంది. చాలా గ్యాసులు చేసే పనికి ఇది ఉల్టా. అందుకే 700 బార్ స్టేషన్లు గ్యాస్‌ని ముందే మైనస్ 33 నుంచి మైనస్ 40 డిగ్రీల దాకా చల్లార్చి మరీ పంపిస్తాయి.

ట్యాంకు లోపలి గ్యాస్ 85 డిగ్రీలు దాటకూడదు. ఇది అంతర్జాతీయంగా ఒప్పుకున్న గీత. ట్యాంకు బయట కార్బన్ ఫైబర్, రెజిన్, చాలా వాటిలో లోపల ప్లాస్టిక్ లైనర్. వేడి, ప్రెషర్ కలిసి పదే పదే తగిలితే వాటి ఆయుష్షు తగ్గుతుంది. నింపేటప్పుడు బండి, స్టేషన్ మాట్లాడుకుంటాయి. అదీ టీవీ రిమోట్‌లాగా ఇన్‌ఫ్రారెడ్ కాంతితో! గన్ తగిలించగానే బండి తన ట్యాంకు సైజు, ప్రెషర్, టెంపరేచర్ పంపుతూ ఉంటుంది. ఎస్‌ఏఈ జే2799 అనే ప్రమాణం ఈ సంభాషణకి, జే2601 నింపే పద్ధతికి. బండి 85 అని చెప్పగానే స్టేషన్ ఆపేస్తుంది.

ఇప్పుడు మన చిలుము కప్లర్‌ని ఇక్కడ పెట్టి చూడండి. లోపల 85, బండి చెప్పేది 73. స్టేషన్ ఆపదు.

అయితే ఇక్కడ భయపెట్టే హెడ్డింగులు పెట్టడం నాకిష్టం లేదు. నింపే స్పీడు బండి మాట ఒక్కదాని మీదే ఆధారపడదు. బయటి టెంపరేచర్, గ్యాస్‌ని ఎంత చల్లార్చారు, మొదట్లో ట్యాంకు ప్రెషర్ ఎంత అన్నవి చూసి, వేడి గీత దాటని స్పీడులోనే ప్రెషర్ పెంచేలా జే2601 రాసుకున్నారు. ఇక నిజంగా మంటల్లో చిక్కుకుంటే ట్యాంకు మీద ఉండే రిలీఫ్ డివైస్ సుమారు 110 డిగ్రీల దగ్గర కరిగో పగిలో గ్యాస్‌ని బయటికి వదిలేస్తుంది. దానికి సెన్సర్‌తో, సాఫ్ట్‌వేర్‌తో పనిలేదు. కాబట్టి ఒక కప్లర్ పాడైతే బండి పేలిపోదు. జరిగేదల్లా మూడు నాలుగు రక్షణ పొరల్లో ఒకటి చప్పుడు లేకుండా పోవడం. పోయిన సంగతి ఎవరికీ తెలియకపోవడమే ఇందులో అసలు నష్టం.

ఇంకో చిన్న సైడ్ ఎఫెక్ట్ ఉంది, డ్రైవర్‌కి మొదట కనిపించేది ఇదే. హైడ్రోజన్ బండికి ఫ్యూయల్ గేజ్ అంటే ప్రెషర్ మీటర్ కాదు. ప్రెషర్, టెంపరేచర్ రెండూ కలిపి లోపల గ్యాస్ సాంద్రత ఎంతో లెక్కగడతారు. 700 బార్, 15 డిగ్రీల దగ్గర లీటరుకి 40.2 గ్రాములు ఉంటే ఫుల్ ట్యాంక్. టెంపరేచర్ తక్కువ చదివితే గ్యాస్ ఉన్నదానికంటే ఎక్కువ ఉన్నట్టు లెక్క వస్తుంది. ఫుల్ అని చూపించి, కాసేపు నడిచాక గేజ్ అనుకున్నదానికంటే త్వరగా దిగిపోయిందంటే పంపు వాళ్లతో గొడవ పెట్టుకునే ముందు సెన్సర్ సర్క్యూట్ చూడండి.

స్టాక్ మార్చమన్నారా, ఒక్క నిమిషం ఆగండి

డబ్బు పరంగా పెద్ద దెబ్బ తగిలేది ఫ్యూయల్ సెల్ స్టాక్ దగ్గర. ఇది సుమారు 60 నుంచి 80 డిగ్రీల మధ్య హాయిగా పనిచేస్తుంది. లోపలి మెంబ్రేన్ తడిగా ఉండాలి. మరీ చల్లగా ఉంటే నీళ్లు నిలిచి గ్యాస్ దారులు మూసుకుపోతాయి, మరీ వేడెక్కితే మెంబ్రేన్ ఎండిపోతుంది. డీజిల్ ఇంజిన్ తన వేడిలో పెద్ద వాటా సైలెన్సర్ గుండా పంపించేస్తుంది. స్టాక్‌కి ఆ వెసులుబాటు లేదు, వేడి దాదాపు అంతా కూలెంట్ ద్వారానే పోవాలి. పైగా బయట 45, లోపల 75 అంటే రేడియేటర్‌కి దొరికే తేడా 30 డిగ్రీలే. అందుకే ఈ బండ్లకి అంత పెద్ద రేడియేటర్లు.

స్టాక్ నుంచి బయటికొచ్చే కూలెంట్ సెన్సర్ దారిలో అదే 500 ఓమ్స్ చేరిందనుకోండి. నిజంగా 80 ఉంటే ఈసీయూకి 70 అని తెలుస్తుంది. అది పంపుని, ఫ్యాన్‌ని తీరిగ్గా తిప్పుతుంది. మెంబ్రేన్ ఎండుతుంది. సెల్ వోల్టేజ్ పడిపోతుంది. అప్పుడొచ్చే కోడ్ ఏమిటో తెలుసా? టెంపరేచర్ కోడ్ కాదు, సెల్ వోల్టేజ్ తక్కువ అన్న కోడ్. స్కానర్‌ని గుడ్డిగా నమ్మేవాళ్లు స్టాక్ పోయిందని తేల్చేస్తారు. బండిలో అత్యంత ఖరీదైన భాగాన్ని బయటికి తీయిస్తారు. కొత్త స్టాక్ పెట్టాక కూడా అదే కప్లర్, అదే చిలుము అక్కడే ఉంటాయి. కొన్నాళ్లకి అదీ ఎండుతుంది.

సెల్ వోల్టేజ్ కోడ్ వచ్చినప్పుడు ముందు టెంపరేచర్ సర్క్యూట్ నిజాయితీని తేల్చుకోవాలి అన్నది అందుకే.

సరే, ఎలా పట్టుకోవాలి?

ముందు జాగ్రత్త. హైడ్రోజన్‌కి రంగు లేదు, వాసన లేదు, వంట గ్యాస్‌లాగా వాసన కలపరు కూడా. గాలిలో 4 నుంచి 75 శాతం మధ్య ఎంత ఉన్నా అంటుకుంటుంది. అంటుకోడానికి 0.02 మిల్లీజూల్ నిప్పురవ్వ చాలు, పగటి వెలుతురులో ఆ మంట కూడా సరిగా కనిపించదు. కాబట్టి గాలి ఆడే చోట, గ్యాస్ డిటెక్టర్ పెట్టుకుని పనిచేయాలి. నారింజ రంగు కేబుల్స్ హై వోల్టేజ్, వాటి జోలికి పోవద్దు. ట్యాంకు సెన్సర్ ట్యాంకు వాల్వ్ లోపలే బిగించి ఉంటుంది. దాన్ని విప్పడం అంటే ముందు గ్యాస్ ఖాళీ చేయడం, అది కంపెనీ ట్రైనింగ్ ఉన్నవాళ్ల పని. మనం ఇక్కడ మాట్లాడేదంతా బయట ఉండే 5 వోల్ట్ తీగ, కప్లర్, డేటా గురించే.

కోడ్ కనిపించగానే డిలీట్ కొట్టకండి. ఫ్రీజ్ ఫ్రేమ్, అంటే కోడ్ పడిన క్షణంలో మిగతా రీడింగులు ఏమిటో బండి దాచుకున్న స్నాప్‌షాట్, మొదట సేవ్ చేసుకోండి. ఏ ఎండలో, ఎంత లోడ్‌లో, ట్యాంకు ప్రెషర్ ఎంత ఉన్నప్పుడు పడిందో అందులో ఉంటుంది. డిలీట్ చేశాక ఆ సాక్ష్యం మళ్లీ రాదు.

తర్వాత ఖర్చు లేని టెస్ట్ ఒకటుంది. బండిని రాత్రంతా కదపకుండా ఉంచి, తెల్లారి స్టార్ట్ చేయకముందే స్కానర్‌లో అన్ని టెంపరేచర్లూ చూడండి. బయటి గాలి, కూలెంట్, ట్యాంకులు అన్నీ రెండు మూడు డిగ్రీల తేడాలో ఉండాలి. టొయోటా మిరాయ్ మొదటి మోడల్‌కి రెండు ట్యాంకులు, రెండో మోడల్‌కి మూడు. లారీలకి ఇంకా ఎక్కువ. పక్కపక్కనే ఉన్న ట్యాంకుల్లో ఒకటి మాత్రం తేడాగా చెబుతుంటే దొంగ దొరికినట్టే. ఒకవేళ నాలుగైదు సెన్సర్లు కలిసి ఒకే వైపు తేడా చూపిస్తుంటే సెన్సర్లని వదిలేయండి. అందరికీ కామన్‌గా ఉండే ఎర్త్ తీగో, 5 వోల్ట్‌ల సప్లైయో తప్పు చేస్తోంది. నాలుగు సెన్సర్లు ఒకేసారి పాడవ్వడం కంటే ఒక ఎర్త్ బోల్ట్ లూజ్ అవ్వడమే ఎక్కువ జరిగే విషయం.

కానీ పైన చెప్పిన 500 ఓమ్స్ లెక్క గుర్తుందా? తెల్లవారుజామున 25 డిగ్రీల దగ్గర అది ఒక్క డిగ్రీయే చూపిస్తుంది. అంటే చిలుము కప్లర్ ఈ టెస్ట్ పాసైపోతుంది. దాన్ని పట్టుకోవాలంటే వేడి కొసన పరీక్ష పెట్టాలి. బండిని వేడి చేయకుండా వేడి కొసకి పోయే దారి ఉంది. ఇగ్నిషన్ ఆఫ్ చేసి సెన్సర్ కప్లర్ ఊడదీసి, తీగ వైపు కప్లర్‌కి సెన్సర్ బదులు తెలిసిన రెసిస్టర్ పెట్టి, మళ్లీ ఆన్ చేసి స్కానర్ చూడటమే. చాలామంది చేసే తప్పు ఇక్కడ 10 కిలో ఓమ్స్ పెట్టడం. దానితో 25 రావాల్సిన చోట 24 వస్తుంది, ఓకే అనుకుని మూసేస్తారు. 1 కిలో ఓమ్ పెట్టండి. మన ఉదాహరణ టేబుల్ ప్రకారం 88 డిగ్రీలు రావాలి. 75 వచ్చిందంటే తీగలోనో, కప్లర్‌లోనో 500 ఓమ్స్ దాక్కుని ఉన్నాయి. సరిగ్గా 88 వస్తే తీగ, ఈసీయూ రెండూ మంచివే, అనుమానం సెన్సర్ మీదకి, దాని వైపు పిన్నుల మీదకి వెళ్తుంది. మీ బండి సెన్సర్ టేబుల్ వేరేగా ఉంటుంది కాబట్టి నంబర్లు మాన్యువల్ నుంచి తీసుకోండి, పద్ధతి మాత్రం ఇదే. ఈ టెస్ట్ ఆగి ఉన్న బండి మీదే, గ్యాస్ నింపేటప్పుడు కాదు. అయిపోగానే రెసిస్టర్ తీసేయాలి.

పూర్తిగా తెగిందో లేదో తెలుసుకోవడం ఇంకా తేలిక. కప్లర్ ఊడదీస్తే స్కానర్ మైనస్ 40కి పోవాలి. తీగ వైపు రెండు పిన్నులూ కలిపితే వేడి కొసకి పోవాలి. రెండూ జరిగితే తీగ తెగలేదు.

మల్టీమీటర్‌తో తీగని కొలిచేటప్పుడు రెండు చివర్లా కప్లర్లు తీసి కొలవండి. మంచి తీగ ఒకటి రెండు ఓమ్స్ మించదు. కొలుస్తూ తీగని, కప్లర్‌ని మెల్లగా కదపండి, నంబర్ ఎగిరిపడితే లూజ్ కాంటాక్ట్ అక్కడే. తీగ తొడుగుకి సూది గుచ్చి కొలిచే అలవాటు మానేయండి, ఇవాళ గుచ్చిన చిల్లులోంచి వచ్చే వానాకాలం తేమ పోతుంది. పెట్రోల్ బండ్లకి కొందరు హీట్ గన్‌తో సెన్సర్ వేడి చేసి చూస్తారు, హైడ్రోజన్ బండి దగ్గర ఆ ఆలోచనే వద్దు. ఊడదీసిన కూలెంట్ సెన్సర్ అయితే టేబుల్ మీద వేడినీళ్ల గ్లాసులో థర్మామీటర్ పక్కన ముంచి కొలుచుకోవచ్చు. కూలెంట్ సెన్సర్ తీస్తే కొంత కూలెంట్ పోతుంది కదా, దాని బదులు షాపులో దొరికే మామూలు ఆకుపచ్చ కూలెంట్ పోయకండి. స్టాక్‌లో వాడేది కరెంట్ పారనివ్వని ప్రత్యేక కూలెంట్. మామూలుది పోస్తే ఇన్సులేషన్ ఫాల్ట్ అని కొత్త తలనొప్పి మొదలవుతుంది.

లాగ్ ఫైల్ చెప్పే సాక్ష్యం

నేను సాఫ్ట్‌వేర్ వాడిని కాబట్టి నాకు ఎక్కువ నమ్మకం కలిగించేది లాగ్ డేటా. ఒక్క రీడింగ్ అబద్ధం చెప్పగలదు, గ్రాఫ్‌కి అబద్ధం చెప్పడం కష్టం. పది లీటర్ల కూలెంట్ పదో వంతు సెకనులో 30 డిగ్రీలు పెరగలేదు. గ్రాఫ్‌లో అలాంటి నిలువు గీత కనిపిస్తే అది వేడి కాదు, కాంటాక్ట్ ఊడి తగులుకోవడం. గుంతల రోడ్డు మీద మాత్రమే అలా వస్తుంటే ఇంకా స్పష్టం.

ట్యాంకు గ్రాఫ్‌ని ఒంటరిగా చూడొద్దు, ప్రెషర్‌తో కలిపి చూడండి. నింపేటప్పుడు ప్రెషర్ పెరుగుతుంటే టెంపరేచర్ కూడా పెరగాలి. నడిపేటప్పుడు గ్యాస్ ఖర్చవుతుంటే లోపల మెల్లగా చల్లబడాలి. నింపుతున్నా టెంపరేచర్ గీత తాడులా నిటారుగా అడ్డంగా ఉందంటే ఆ సెన్సర్ ఎక్కడో ఇరుక్కుపోయింది, లేదా అసలు అక్కడ సెన్సరే లేదు.

సెన్సరే లేకపోవడం ఏమిటంటారా? మన మెకానిక్ భాషలో దానికో పేరుంది: డైరెక్ట్ చేసేయడం. ఫ్యాన్ స్విచ్ పోతే డైరెక్ట్, రిలే పోతే డైరెక్ట్. నకిలీ ఫోన్ బ్యాటరీల్లో కూడా ఇదే కనిపిస్తుంది: థర్మిస్టర్ ఉండాల్సిన చోట ఒక ఫిక్స్‌డ్ 10 కిలో ఓమ్స్ రెసిస్టర్. ఫోన్‌కి ఎప్పుడూ 25 డిగ్రీలే అనిపిస్తుంది, ఎండలో ఉన్నా ఛార్జింగ్ ఆపదు. పాత లారీలో ఫ్యాన్ డైరెక్ట్ చేస్తే ఫ్యాన్ ఎప్పుడూ తిరుగుతుంది, నష్టం కొంచెం డీజిల్. హైడ్రోజన్ ట్యాంకు సెన్సర్ బదులు రెసిస్టర్ పెట్టి లైట్ ఆర్పేస్తే, ఆ బండి నింపిన ప్రతిసారీ స్టేషన్‌కి 25 డిగ్రీలు అని చెబుతూనే ఉంటుంది. చిలుము పట్టిన కప్లర్ 12 డిగ్రీలు దాస్తే, ఇది 60 డిగ్రీలు దాస్తుంది. సెకండ్ హ్యాండ్ హైడ్రోజన్ బండి కొనే రోజులొస్తే, ఓడోమీటర్ కంటే ముందు నేను అడిగేది ఒక ఫిల్లింగ్ లాగ్. అందులో టెంపరేచర్ గీత లేస్తోందా లేదా అన్నది చూస్తా.

ఇదంతా చదివి నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే చేసి చూడండి. ఒక ఆర్డుయినో ఊనో, వాటర్‌ప్రూఫ్ గొట్టంలో ఉన్న 10 కిలో ఓమ్స్ ఎన్‌టీసీ, ఇంకో 10 కిలో ఓమ్స్ మామూలు రెసిస్టర్ చాలు. ఈఎస్‌పీ32 ఉన్నా ఊనోనే వాడమంటాను, దాని అనలాగ్ రీడింగ్ అంచుల్లో వంకరపోదు. ముందు గది టెంపరేచర్ దగ్గర, తర్వాత పొగలు కక్కే నీళ్లలో ముంచి రీడింగ్ రాసుకోండి. ఇప్పుడు ఎన్‌టీసీ తీగలో వరుసగా ఒక రెసిస్టర్ కలిపి రెండూ మళ్లీ చేయండి. షాపులో 500 ఓమ్స్ దొరకదు, 470 అడగండి, సరిపోతుంది.